తెలివి పరీక్ష ఎందుకు?



నాదర్‌గుల్‌లో ఒక తల్లి ఉందనుకుందాం. ఆమె కొడుకుకు ఎనిమిదేళ్లు. మూడో తరగతి. తోటి పిల్లలు పాఠం చదువుతున్నారు. వాడికి అక్షరాలే రావడం లేదు. "మొద్దు" అన్నాడు తండ్రి. "మీ వానికి దిమాక్ లేదు" అంది పక్కింటామె. "ఒకసారి తెలివి పరీక్ష చేయించమ్మా" అంది బడి పంతులమ్మ.

తల్లి గుండె ఝల్లుమంది. "నా బిడ్డ పిచ్చోడా?" అని ఏడ్చింది.

ఆమె ఏడవాల్సిన పని లేదు. అది పిచ్చి పరీక్ష కాదు. మరి ఏమిటి?

ఫ్రాన్స్ దేశంలో ప్యారిస్ అనే పట్నం ఉంది. అక్కడ బడిలో కొందరు పిల్లలు వెనుకబడ్డారు. వాళ్లను గుర్తించి, తగిన చదువు చెప్పాలనుకున్నారు. 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే ఇద్దరు ఒక పరీక్ష తయారు చేశారు. అందులో 30 చిన్న పనులు ఉన్నాయి. మొదట తేలికవి, తర్వాత కష్టమైనవి. నేర్పితే తెలివి పెరుగుతుందని బినే నమ్మాడు.

ఈ పరీక్షలో సూది లేదు, మందు లేదు. బొమ్మలు చూపించి అడుగుతారు. చెక్క ముక్కలిచ్చి, పలకలోని గుంటల్లో అమర్చమంటారు. కొన్ని అంకెలు చెప్పి, తిరిగి చెప్పమంటారు. అదే వయసు పిల్లలతో పోల్చి ఒక అంకె వేస్తారు. సగటు 100. అది నూటికి నూరు మార్కులు కాదు. నూరుమంది పిల్లల్లో సుమారు 68 మంది 85కూ 115కూ నడుమ ఉంటారు. 70 కన్నా తగ్గితే బుద్ధి ఎదుగుదల తక్కువేమో అని చూస్తారు. అంకె ఒక్కటే చూస్తే చాలదు. బట్టలు వేసుకోవడం, అన్నం తినడం, మాట్లాడటం కూడా చూడాలి.

భాష తెలియకపోతే పరీక్ష తప్పుతుంది. అమెరికాలో 1913 ప్రాంతంలో ఓడ దిగిన వలస జనానికి ఈ పరీక్ష పెట్టారు. ఇంగ్లీషు రాని చాలామందిని మందబుద్ధులని రాశారు. ఎంత అన్యాయం! మన దేశంలో వి.వి. కామత్ 1930లలో ఈ పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్టు మార్చారు. కాబట్టి బిడ్డకు వచ్చిన భాషలోనే పరీక్ష చేయమని అడగాలి.

దానికన్నా ముందు చెవులు, కళ్లు చూపించాలి. వినపడని పిల్లవాడు జవాబు చెప్పడు. కనపడని పిల్లవాడు పలక మీది అక్షరం చదవలేడు. వాళ్లు మొద్దులు కారు. చెవులకు కోఠిలో, కళ్లకు మెహదీపట్నంలో సర్కారు దవాఖానలు ఉన్నాయి.

తెలివి పరీక్షకు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో పెట్టారు. నాదర్‌గుల్ నుంచి చూస్తే నగరానికి అవతలి పక్క. అక్కడ పరీక్షతో పాటు బిడ్డకు ఇంట్లో ఎలా నేర్పాలో తల్లికి చెబుతారు.

బిడ్డకు నిజంగానే లోపం ఉంటే? దాచిపెట్టొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. లోపం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. దానికి సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కు ఈ పరీక్ష అవసరం.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టి ఏరడం 2009 విద్యా హక్కు చట్టం ఒప్పుకోదు. ఇక కొందరు పిల్లల వేలిముద్రలు తీసుకుని, "మీ బిడ్డ తెలివి చెబుతాం" అంటారు. వేలల్లో డబ్బు అడుగుతారు. వేలి గీతల్లో తెలివి కనపడదు. మోసపోవద్దు.

ఆ మాట మీకు వేరే చెప్పాలా? నిన్నటిదాకా ఎందరో అక్కలు వేలిముద్ర వేశారు. "నీకు చదువు రాదు" అన్న మాట పడ్డారు. ఇవాళ సంతకం చేస్తున్నారు. ఈ పాఠం చదువుతున్నారు. మరి ఆ వేలిలో ఏం మారింది? ఏమీ మారలేదు. నేర్పేవాళ్లు దొరికారు, అంతే.

ఆ ఎనిమిదేళ్ల పిల్లవానికి కావలసిందీ అదే. వాని నొసట ముద్ర వేయడానికి కాదు పరీక్ష. ఎక్కడ ఆగిపోయాడో, ఎలా నేర్పాలో తెలుసుకోవడానికి.