పడగొట్టుట – నిలబెట్టుట



గ్రంథాలయ రజతోత్సవ సభలో రాజకీయ ప్రసంగ మేల యని కొందఱకు తోచవచ్చును. కాని యిచ్చట పత్రిక చదువువాడే రేపు ఓటు వేయువాడు. ప్రభుత్వము బలహీనమైన వేళ ప్రతిపక్షము ఇతరులతో గూడి పాలనాభారము వహింపవలెనా, ఎన్నికలకై వేచియుండవలెనా? ఈ ప్రశ్నకు మన చరిత్రలోనే యొక పాఠము కలదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మవతరించినపుడు శాసనసభలో ఏ యొక్క పక్షమునకును సంపూర్ణమైన మెజారిటీ లేకుండెను. కాంగ్రెసునకు ప్రతిపక్షముగ నుండిన ప్రజా సోషలిస్టు పక్షమును వీడి, టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆ కాంగ్రెసువారి తోడ్పాటుతోనే ముఖ్యమంత్రియైరి. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమున వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గెను. నాడు కమ్యూనిస్టులును కృషికార్ లోక్ పక్షమువారును ఒకే వైపున నిలిచిరి.

పడగొట్టుటకు ఒక్క ఓటు చాలినది. నిలబెట్టుటకు మాత్రము వారి నడుమ ఉమ్మడి కార్యక్రమము లేకపోయెను. రాష్ట్రపతి పాలన వచ్చెను. 1955 ఫిబ్రవరి ఎన్నికల నాటికి కృషికార్ లోక్ పక్షము కాంగ్రెసు కూటమిలోనే చేరెను! ఆ కూటమి 196 స్థానములలో 146 గెలుచుకొనెను. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చినను, దక్కిన స్థానములు 15 మాత్రమే.

కావున వేచియుండుట తప్పని నేననను. ఓట్ల బలము వేఱు, స్థానముల బలము వేఱు. మనము వేచియున్నంతకాలము ఎదుటివారు చేతులు కట్టుకొని కూర్చుండరు. ఇది యెఱిగి వేచుట వివేకము. సంకీర్ణమున చేరుటయు తప్పు కాదు. ఏ పనులకై చేరుచున్నారో, ఏ పని జరుగకున్న వైదొలగుదురో, ముందే వ్రాసి ప్రజల యెదుట నుంచిన నది ధర్మము. పదవులు పంచుకొన్న పిమ్మట వ్రాసిన నది బేరము. "గద్దె నెక్కి యేమి చేయుదురు?" అను ప్రశ్నకు బదులు లేనివాడు చేరినను వేచినను ఒక్కటే. ఆ నష్టము పక్షములకు గాదు, పల్లెలకు.

ఈ గ్రంథాలయమునకు నా మనవి యొక్కటి. ప్రతి ఎన్నికలకును అన్ని పక్షముల ప్రణాళికలను సేకరించి, కుట్టించి, బీరువాలో నుంచుడు. ఐదేండ్ల పిమ్మట వానిని తీసి నలుగురు కూర్చుండి చదువుడు. నాయకులు మఱచిన మాటను పాఠకుడు జ్ఞప్తి యందుంచుకొనిన నాడు ఈ గ్రంథాలయ స్థాపకుల శ్రమ ఫలించినట్లే.