ఆపరేషనైన పదేళ్ల తర్వాత మాత్ర

బరువు తగ్గే ఆపరేషనై ఏళ్లు గడిచాయి, ఒంట్లో బాగానే ఉంది, ఇంకా మాత్రలెందుకంటారా? ఆళ్లగడ్డలో ఉలి పట్టే శిల్పి తన వేళ్లు తిమ్మిరెక్కితే రాతిపని వల్లే అనుకుంటాడు. అది బి12 లోపమూ కావచ్చు. ఈ విటమిన్ ఒంటికి పట్టాలంటే పొట్టలో ఊరే ఒక మాంసకృత్తి తోడుండాలి. పొట్టకు బైపాస్ చేయించుకుంటే ఆ తోడు సరిగ్గా అందదు. కాలేయంలో దాచుకున్న బి12 కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, అందుకే తేడా వెంటనే తెలియదు.

మరి ఆ లోటు తిండితో తీరదా అంటారా? నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం సూర్యనంది అనే కొర్ర రకాన్నిచ్చింది. కొర్రన్నం మంచిదే, కానీ అందులో బి12 ఉండదు; అది పాలు, గుడ్లు, మాంసంలోదే.

స్ప్రూ అనే పేగు జబ్బుకు సోదరులను పోగొట్టుకున్న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లమనే మరో బి విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. బి12 లోపమున్నవాళ్లు అదొక్కటే మింగితే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటాయి. నాకు భయం ఇక్కడే.

ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోవద్దు. రెండు గంటల ఎడం ఉంచండి. ఇనుము మాత్రను టీతో మింగేవాళ్లున్నారు! టీ ఆ ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. వాంతులు పట్టుకుంటే మాత్రం ఆగొద్దు. బి1 కొద్ది వారాల్లోనే అడుగంటుతుంది, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఏటా రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ఆపరేషన్ కాగితం వెంట తీసుకెళ్లండి. కొత్త డాక్టరుకు మీ పొట్ట సంగతి ఎలా తెలుస్తుంది?