గడువు ఉండగానే క్యాన్సర్‌ను కనిపెట్టాలి



మన్రో దొర పేరు ఇక్కడి పెద్దవాళ్ళు విని ఉంటారు. ఆయన మద్రాసు గవర్నరు. 1827 జూలై 6న ఈ పత్తికొండలోనే చనిపోయారు. కలరా సోకింది. పొద్దున జబ్బుపడ్డ మనిషి రాత్రికే పోయారు. గవర్నరు అయినా ఎవరూ కాపాడలేకపోయారు. కలరా గడువు ఇవ్వలేదు.

క్యాన్సర్ అట్లాంటిది కాదు. అది ఒక్కరోజులో ముదరదు. నెలలు పడుతుంది. కొన్నిటికి ఏళ్ళు పడుతుంది. ముందుగా గుర్తులు చూపిస్తుంది. ఆ గుర్తులు తెలిసిన ఆమె గడువులోపల ఆసుపత్రికి పోతుంది. తెలియని ఆమె "ఏం కాదులే, టమాటా కోతలు అయిపోనీ" అనుకుంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

క్యాన్సర్ అంటే ఏమిటి?

గోడకు ఇటుకలు ఎట్లనో, ఒంటికి కణాలు అట్ల. పాత కణాలు పోతాయి, కొత్తవి పుడతాయి. ఒక్కోసారి కొన్ని కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. చేన్లో కలుపు లేచినట్టు లేస్తాయి. అదే క్యాన్సర్. కలుపును చిన్నగా ఉన్నప్పుడే తీస్తే పైరు నిలుస్తుంది కదా! ఇదీ అంతే.

క్యాన్సర్ శాపం కాదు, పాపం కాదు. క్యాన్సర్ ఉన్న మనిషిని తాకితే రాదు. ఆమెతో కలిసి తింటే రాదు.

ఆడవాళ్ళు ముఖ్యంగా మూడుచోట్ల కనిపెట్టి ఉండాలి.

నోరు

నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే చూపించుకోవాలి. తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ ఉన్నా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా చూపించుకోవాలి.

శ్రీకాకుళం, విశాఖపట్నం పక్క కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. వాళ్ళ అంగిట్లో క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని డాక్టర్లు కనిపెట్టారు. చుట్ట ముట్టని వాళ్ళు కూడా ధీమాగా ఉండరాదు. ఆకువక్కలో పొగాకు కలిపి దవడన పెట్టుకున్నా ప్రమాదమే. పొగాకు లేకుండా ఉత్త వక్క నమిలినా క్యాన్సర్ రావచ్చు.

రొమ్ము

నెలకు ఒకసారి, ముట్టు అయిపోయిన తర్వాత, రొమ్ములను చేత్తో తడిమి చూసుకోవాలి. ముట్లు ఆగిపోయినవాళ్ళు నెలలో ఒక తేదీ పెట్టుకోవాలి. గడ్డ తగిలిందా? చనుమొన లోపలికి పోయిందా? రక్తం కారుతోందా? చర్మం చీనీకాయ తొక్క మాదిరి గుంటలు పడిందా? చంకలో గడ్డ ఉందా? వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

"నొప్పి లేదు కదా" అని ఊరుకోరాదు. ఈ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అట్లని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. ఎక్కువ గడ్డలు మామూలువే. ఏది ఎట్లాంటిదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

గర్భసంచి మూతి

కలయిక తర్వాత రక్తం కనిపించడం, రెండు ముట్ల మధ్య రక్తం పోవడం, ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపించడం, తెల్లబట్ట చెడు వాసన రావడం. ఇవి గుర్తులు.

ఈ క్యాన్సర్‌కు ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. అది కలయిక వల్ల వస్తుంది. భర్తతో తప్ప వేరే సంబంధం లేని ఇల్లాలికీ రావచ్చు. కాబట్టి ఇందులో సిగ్గుపడేది లేదు. చాలామందిలో వైరస్ దానంతట అదే పోతుంది. పోకుండా నిలిచిపోతే క్యాన్సర్‌గా మారడానికి 10, 15 ఏళ్ళు పడుతుంది. చూడండి, ఎంత గడువో!

ఆ గడువులో పట్టుకునే పరీక్ష ఉంది. నర్సమ్మ పల్చని వెనిగర్‌తో గర్భసంచి మూతిని తుడుస్తుంది. తేడా ఉన్నచోట తెల్లగా అగుపడుతుంది. కొన్ని నిమిషాల పని. కోత ఉండదు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు 1998 నుంచి పేటల్లో సుమారు 1.5 లక్షల మంది ఆడవాళ్ళ మీద దీని ఫలితం చూశారు. పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కాదు. పదో తరగతి చదివి, నాలుగు వారాల శిక్షణ పొందిన ఆడవాళ్ళు. పరీక్ష జరిగిన పేటల్లో ఈ క్యాన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గాయి.

ఈ వైరస్ రాకుండా ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేసే టీకా ఉంది. ఏఎన్ఎమ్మను అడగాలి.

భయంతో తొందరపడరాదు

నిర్లక్ష్యం ఎంత చెడ్డదో, తొందర కూడా అంత చెడ్డది. "తెల్లబట్ట అవుతోంది, క్యాన్సర్ వస్తుంది, గర్భసంచి తీసేద్దాం" అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపరాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళ లెక్క తీశారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశం మొత్తం మీద నూటికి 3 మందే. తెల్లబట్ట ఎక్కువసార్లు మామూలు ఇన్‌ఫెక్షన్. మందులతో తగ్గుతుంది. "ఏ పరీక్ష చేశారు? కాగితం చూపించండి" అని అడగాలి. ఇంకొక డాక్టరుకు కూడా చూపించాలి.

ఎక్కడికి పోవాలి?

30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు గుర్తులు లేకపోయినా ఐదేళ్ళకు ఒకసారి ఈ మూడు పరీక్షలూ చేయించుకోవాలి. మొదట ఊర్లోని ఆశా కార్యకర్తను, ఏఎన్ఎమ్మను అడగాలి. తర్వాత పత్తికొండ ప్రభుత్వాసుపత్రి. అక్కడ అనుమానం వస్తే కర్నూలు పెద్దాసుపత్రికి పంపిస్తారు. అక్కడ క్యాన్సర్ వైద్యం ఉంది. పేదలకు వైద్యం ఉచితంగా చేసే పథకం 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైంది. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకుపోవాలి.

చదువు నేర్చిన చెయ్యి ఇక్కడ పనికొస్తుంది. నోట్లో పుండు కనిపించిన రోజున క్యాలెండర్ మీద గీత పెట్టాలి. గీత నుంచి 14 రోజులు లెక్కపెట్టాలి. పుండు మానకపోతే 15వ రోజు ఆసుపత్రిలో ఉండాలి. గడ్డకు, ముట్లు ఆగాక కనిపించే రక్తానికి ఆ 14 రోజులు కూడా ఆగరాదు. ఆసుపత్రి చీటీలన్నీ ఒక సంచిలో దాచిపెట్టాలి. చదవడం రాని అత్తకు, పక్కింటి వదినకు ఈ గుర్తులు చదివి వినిపించాలి.