కొండకు ఏ వైపు వాన?

మేఘాలు కొండకు గుద్దుకుని పగిలితే వాన పడుతుందన్న మాట బడిలో మొదలై టీవీ వార్తల దాకా తిరుగుతూనే ఉంది. పగలడానికి మేఘం కుండ కాదు. కొండ చేసేదల్లా ఎదురొచ్చిన గాలిని పైకి ఎక్కించడమే. పైకి వెళ్లినకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఒక ఎత్తుకు చేరాక అందులోని ఆవిరి నీటి బిందువులవుతుంది. అవతల దిగే గాలి మళ్లీ వేడెక్కి, మిగిలిన మబ్బును కూడా ఆరబెడుతుంది. పడమటి కనుమల మీది మహాబలేశ్వరంలో ఏటా 6,000 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిస్తే, తూర్పున 30 కిలోమీటర్ల దూరంలోని వాయిలో 700 దగ్గరే ఆగిపోయేది అందుకే. అనంతపురం సగటు 550. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమల చాటు, ఈశాన్యానికి సముద్రం దూరం. ఇందులో ఎవరి శాపమూ లేదు.

అయితే వాన దక్కని ఈ చాటు, అంటే వర్షచ్ఛాయ, కొండకు పుట్టుమచ్చ కాదు. నైరుతిలో చాటున పడే నెల్లూరుకు, గాలి తిరిగాక, అక్టోబరు–డిసెంబరు మధ్యే ఏడాది వానలో సగానికి పైగా దక్కుతుంది. కొండలు కదల్లేదు కదా!

తుపాను వస్తోందంటే అందరూ అడిగేది ఎక్కడ తీరం దాటుతుందనే. ఊరికి గాలి ఎటునుంచి వీస్తుందన్నది ఎవరికీ పట్టదు. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి. పడమరకు వచ్చే తుపానుకు ఉత్తరాన గాలి సముద్రం మీంచి నేలకూ, దక్షిణాన నేల మీంచి సముద్రానికీ వీస్తుంది. 2021 నవంబరు 19న చెన్నై దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, వట్టి వాయుగుండం. “వాయుగుండమే కదా” అనేవారికి తెలియాల్సింది, ఆ పేరు గాలి వేగానికి కొలతే గాని వానకు కాదని. దానికి ఉత్తరాన తూర్పుగాలి శేషాచలం, వెలికొండల మీదికి ఎక్కింది. తిరుమల మెట్ల మీద వరద దూకింది. శ్రీవారి మెట్టు దారి నెలల తరబడి మూతపడింది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అదే వాయుగుండం మచిలీపట్నం దగ్గర దాటి ఉంటే తిరుపతికి వచ్చేది నేల మీది గాలి.

ఎత్తు ఒక్కటే చాలదు, కొండ గాలికి అడ్డంగానూ ఉండాలి. అరేబియా గాలికి సమాంతరంగా పడుకున్న ఆరావళి రాజస్థాన్‌కు పెద్దగా ఒరగబెట్టిందేమీ లేదు. వేసవి ఉరుముల వానకు మాత్రం కొండతో పని లేదు. కాగిన నేలే గాలిని లేపుతుంది.