చెయ్యి తిరిగితే చాలదు, లెక్క తెలియాలి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటల మధ్య, కూచిపూడి గజ్జెల మధ్య ఈ సంగతి ఎత్తడం కొందరికి పంటికింద రాయిలా తోచవచ్చు. ఆడపడుచు కన్నీరు మన సంస్కృతికి బయటి విషయం కాదు కనుక పది నిమిషాలు ఓర్చుకొనవలసిందిగా మనవి.

మా తాతగారు వీధిబడి పంతులు. నాన్నగారు హైస్కూలు మాష్టారు. నేను మూడో తరం. ఉద్యోగ విరమణ తరువాత మా అబ్బాయి దగ్గరకు వచ్చి, ఇక్కడి పిల్లలకు సాయంత్రాలు తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాను.

ఒక పిల్లవాడి తల్లి తరగతి ముగిసేదాకా వెనక కూర్చునేది. ఒకనాడు ఆమె చెంప కమిలి ఉండటం చూసి అడిగాను. చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "సర్దుకుపో అమ్మా, పిల్లవాడున్నాడు" అన్నాను. ముప్ఫై ఐదేళ్ళు పాఠాలు చెప్పిన నోటితో నేను చెప్పిన తప్పు పాఠం అది.

కొన్ని నెలల తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. భర్తకు దూరంగా, బంధువుల ఇంట ఉంటోంది. ఊరికి వెళ్ళి కుట్టుమిషను పెట్టుకుంటానంది. "టీచరుగారూ, జాకెట్టు కుట్టడం వచ్చు. ఎంత తీసుకోవాలో తెలియదు. అది నేర్పండి" అంది.

ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. లైనింగు గుడ్డ, దారం, హుక్సు, కరెంటు అన్నీ రాసింది. "నీ కూలి ఏదమ్మా?" అన్నాను. "నాకు కూలేమిటండీ, ఇంట్లోనే కదా కుట్టేది" అంది. అప్పుడు నాకు తెలిసివచ్చింది. ఏళ్ళ తరబడి "నీకేం తెలుసు" అన్న మాట విన్నవారికి తమ పనికి ధర చెప్పడానికి నోరు పెగలదు. ఒంటిమీది దెబ్బ మానుతుంది కాని, ఈ దెబ్బ మానడానికి చాలా కాలం పడుతుంది. కనుక ఇటువంటి స్త్రీలకు కుట్లు, అల్లికలు నేర్పి పంపేస్తే శిక్షణ పూర్తికాదు. ధర కట్టడం, పద్దు రాయడం, తన పేర బ్యాంకు ఖాతా పెట్టుకోవడం, అరువు అడిగినవారికి కాదనడం కూడా నేర్పాలి.

ఇది కొత్త మాటేమీ కాదు. దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఆసరాలేని స్త్రీలకు చదువును, చేతిపనిని కలిపే నేర్పింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో మావంటి సాయంకాలపు బడులే, వయోజన విద్యా కేంద్రాలు, నడిచాయి. సారా వల్ల చితికిన సంసారం కథ అక్కడ పాఠమైంది. తాగి వచ్చిన భర్తల చేత దెబ్బలు తిన్న తల్లులు అది చదివి తమ కథే అనుకున్నారు. దూబగుంట రోశమ్మగారి వంటివారు ముందు నడిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. ఆ స్త్రీలు అంతటితో ఇంటికి పోలేదు. రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పొదుపు సంఘాలు, డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరిగాయి. అక్షరం ధైర్యమిచ్చింది, రూపాయి ఆ ధైర్యాన్ని నిలబెట్టింది.

ఇక మనమున్న ఈ దేశం సంగతి. భర్త వీసా మీద వచ్చిన ఇల్లాలికి మొదటి భయం, "బయటికి వస్తే ఈ దేశంలో ఉండనిస్తారా?" అని. విడాకులు పొందిన స్త్రీలకు, వితంతువులకు స్పాన్సరు లేకుండా ఒక ఏడాది నివాసం పొడిగించే ఏర్పాటు 2018లో వచ్చింది. గృహహింస నుంచి రక్షణకు 2019లో ప్రత్యేక శాసనం చేశారు. 2024లో దాని స్థానంలో కొత్త శాసనం తెచ్చారు. దుబాయిలో స్త్రీలకు, పిల్లలకు ఆశ్రయమిచ్చే ఫౌండేషను 2007 నుంచి ఉంది. ఇవి ఉన్నాయని తెలియక నలిగిపోయేవారు మనలో ఎందరో!

మన సంఘం చందాలు పోగుచేద్దామని కొందరు మంచి మనసుతో అన్నారు. అనుమతి లేని వసూళ్ళు ఇక్కడ చట్టవిరుద్ధం. లైసెన్సు లేని వ్యాపారమూ అంతే. తెలియని ఆడపిల్లను మనమే చిక్కుల్లో పడవేయరాదు. మనం ఇవ్వగలిగింది చదువు. మనలో ఆడిటర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, వకీళ్ళున్నారు. నెలకు ఒక్క సాయంత్రం ఇవ్వండి. పిల్లలు ఒక గదిలో అ ఆలు దిద్దుతుంటే, తల్లులు పక్కగదిలో పద్దులు నేర్చుకుంటారు. ఎవరు ఎందుకు వచ్చారో అడగవద్దు. ప్రాణభయం ఉన్నవారికి మాత్రం లెక్కల కంటే ముందు ఆశ్రయం చూపించాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు సొంత ఊళ్ళో మిషను పెట్టుకుంది. మొన్న ఫోనులో, "టీచరుగారూ, నా కూలి కూడా రాస్తున్నానండీ" అంది. ఆ మాట విన్నాక, నేను చెప్పిన తప్పు పాఠాన్ని కొంతైనా దిద్దుకున్నాననిపించింది.

పెద్దలారా, "సర్దుకుపో" అనే ముందు ఒక్కసారి ఆగండి. అంతే నా విన్నపం. సెలవు.