క్రొత్త పడవను చేకొనుట



మన పెద్దలు క్రొత్త పడవను చేకొనునపుడు రంగు చూడలేదు, కుట్టు చూచిరి. మసూలా పడవకు ఇనుప మేకు లేదు, లోపల ప్రక్కటెముకల వంటి అడ్డకఱ్ఱలును లేవు. పలకల అంచులు చేర్చి, సందున గడ్డి పెట్టి, కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. భోజుని పేర వెలసిన యుక్తికల్పతరువు సముద్రనౌకలకు ఇనుము కూడదనుచు, కడలిలోని అయస్కాంతశిలలు దానిని లాగునని కారణము చూపినది. శాస్త్రకారునకు నమస్కారము, కాని ఆయన మన యొడ్డున నిలిచి కెరటము విఱుగుట చూచియుండడని నా అనుమానము. బిఱుసుగా బిగించిన పడవ ఆ దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి మరల నిలుచును. కావుననే సొమ్ము చెల్లింపకముందే ఒక్కొక్క ముడిని లాగి చూచెడివారు.

నేడు ఫైబరు పడవలు వచ్చినవి. తేలికైనవి, వేగము గలవి, వానిని నిందింపను. వానిని వ్రేలితో తట్టి చూడవలెను. డొల్లగా పలికినచో పొరలు విడినవని యెఱుగునది.

ఇక సరంజామా. పడవ వెల మాత్రమే చిట్టాకెక్కించి, వల, బెండ్లు, మోకులు, లంగరు, యంత్రము మఱచినవాడు అప్పు చేయక తప్పదు. ప్రాణరక్షక కవచములను పిదప కొందమనువారును కలరు. వారి యిండ్ల స్త్రీలను అడిగి చూడుడు.

కుట్టుపని నెఱిగిన వృద్ధులు కొందఱే మిగిలిరి. వారు ముడులకు చెప్పు పేరులు నేను చూచిన నిఘంటువులలో లేవు. యంత్రపు పడవలకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు వేట నిషేధము. ఆ దినములలో గ్రంథాలయమువారు ఒక లేఖకుని పంపి వానిని వ్రాయింపవలెనని కోరుచున్నాను. కాగితము, సిరా నేనిత్తును.