మరుపు కూడా జబ్బే



రుషికొండ ఒడ్డున ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటి అత్త 40 ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మింది. చదువు రాకపోయినా నోటిలెక్కలో దిట్ట. ఇప్పుడు వంద నోటు ఇస్తే చిల్లర ఎంత ఇవ్వాలో తెలియడం లేదు. అన్నం తిని, "నాకు అన్నం పెట్టలేదు" అంటోంది. డబ్బు తానే దాచి, "కోడలు తీసింది" అంటోంది. వీధిలో వాళ్లు కోడల్ని ఆడిపోసుకుంటున్నారు. కోడలు లోలోపల కుమిలిపోతోంది.

తప్పు ఎవరిది? అత్తది కాదు. కోడలిదీ కాదు. అది డిమెన్షియా అనే జబ్బు. మెదడులోని కణాలు కొద్దికొద్దిగా చెడిపోతాయి. పాత సంగతులు గుర్తుంటాయి. పొద్దుటి మాట గుర్తుండదు. పెద్ద వయసులో కూరలో ఉప్పు మరవడం మామూలే. రోజూ వండే కూర ఎలా వండాలో తెలియకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. మన దేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో అంచనా వేశారు.

స్కిజోఫ్రీనియా మరో జబ్బు. ఇది ఎక్కువగా పడుచు వయసులో మొదలవుతుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. లేనిపోని అనుమానాలు వస్తాయి. ఇవి అందరికీ తెలుస్తాయి. తెలియనిది ఇంకొకటి ఉంది. ధ్యాస నిలవదు. నాలుగు పనులు చెబితే ఒకటే చేస్తారు. "ఒళ్లు బద్ధకం" అని తిడతారు. అది బద్ధకం కాదు, జబ్బే. మందులతో ఆ మాటలు తగ్గినా ధ్యాస అంత త్వరగా రాదు.

మరి ఏం చేయాలి?

ఒకసారి ఒక పనే చెప్పండి. వస్తువులు రోజూ ఒకేచోట పెట్టండి. "నేను తీయలేదు" అని అత్తతో వాదించకండి. "రా అత్తా, ఇద్దరం వెతుకుదాం" అనండి. ఆమె దారి తప్పవచ్చు. మీకిప్పుడు రాయడం వచ్చు కదా! పేరు, ఊరు, ఫోను నంబరు చీటీ మీద రాసి ఆమె కొంగున కట్టండి.

ఇది గాలి కాదు, చేతబడి కాదు. తాయెత్తులతో పోదు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా మరుపు వస్తుంది. అలాంటి మరుపు మందులతో తగ్గవచ్చు. డిమెన్షియా పూర్తిగా పోకపోయినా, తొందరగా చూపిస్తే కష్టం తగ్గుతుంది. విశాఖ వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అది 1871 నాటిది. "పిచ్చాసుపత్రి" అని సిగ్గుపడకండి. జ్వరానికి ఆసుపత్రికి వెళ్లమా? ఇదీ అంతే. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది. డబ్బు కట్టనక్కరలేదు.

ఈ నంబరు గోడ మీద రాసుకోండి. పక్కింటి కోడలికీ చదివి చెప్పండి.